కాగితంలో లోపమా, కళ్లద్దంలో లోపమా?



కువైట్‌లో శుక్రవారం సెలవు. ఇళ్లల్లో బండి తోలేవాళ్లకూ వంట చేసేవాళ్లకూ ఆ ఒక్క పూటే కాస్త ఊపిరాడుతుంది. ఫర్వానియాలో మేముండే భవనం కింద చిన్న టీ కొట్టు ఉంది. ఓ శుక్రవారం సాయంత్రం అక్కడ కూర్చుని ఉంటే, రాజంపేట వైపు నుంచి వచ్చిన డ్రైవరు తమ్ముడొకడు పక్కన చేరాడు. ఫోను నా చేతిలో పెట్టాడు.

"అన్నా, రొంత ఇది చూడు. ఫారం తెరిస్తే తెల్లగా వస్తాంది. ఏమీ కనపడ్లేదు" అన్నాడు.

చూశాను. వెబ్‌సైటు పేజీ తెరుచుకునే ఉంది. పైన పేరు ఉంది. కింద ఫారం ఉండాల్సిన చోట తెల్లటి పలక. సున్నం కొట్టిన గోడలాగా. మధ్యలో తెరవమని చెప్పే చిన్న మీట.

"ఎన్ని తూర్లు నొక్కినావు తమ్ముడూ?" అని అడిగాను.

"ఐదారు తూర్లు నొక్కింటానన్నా. నొక్కినప్పుడల్లా ఏదో గిర్రున తిరుగుతాది, ఆగిపోతాది. నెట్టు అయిపోయిందేమోనని రీచార్జి కూడా చేసినా. పోయిన వారం ఒక అంగట్లో ఒకటిన్నర దీనారు ఇచ్చి ప్రింటు తీయించుకుంటి. అది పాత ఫారమంట, వెనక్కి ఇచ్చినారు."

నేను వాడి ఫోన్లో డౌన్‌లోడ్స్ అనే అర తెరిచాను. అదే ఫారం. ఒకటి కాదు, ఆరు. ఒకదాని కింద ఒకటి, పేరు చివర ఒకటి, రెండు, మూడు అని అంకెలు తగిలించుకుని బుద్ధిగా కూర్చున్నాయి. పేజీ తెల్లగానే ఉంది. కాగితం మాత్రం నొక్కిన ప్రతిసారీ వచ్చి ఇంట్లో చేరింది. వీడికి తెలియలేదు, అంతే. "నేనేమో రాలేదనుకుంటి" అని వాడు పడీపడీ నవ్వాడు. ఒకటిన్నర దీనారు గుర్తొచ్చాక నవ్వు ఆపాడు.

ఆ తెల్లటి పలక గురించే ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

పీడీఎఫ్ అన్న మాట ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. ఆధార్ వస్తే పీడీఎఫ్. వీసా వస్తే పీడీఎఫ్. పిల్లల హాల్‌టికెట్ పీడీఎఫ్. విమానం టికెట్ పీడీఎఫ్. కువైట్‌లో ఉన్న మనిషికీ మన ఊళ్లో ఇంటికీ మధ్య తిరిగే కాగితాల్లో చాలావరకు అదే. అది వెబ్‌సైటులో తెరిచినప్పుడు ఒక్కోసారి తెల్లగా వస్తుంది. ఒక్కోసారి అక్షరాలు పిచ్చిపిచ్చిగా వస్తాయి. ఒక్కోసారి పాస్‌వర్డ్ అనే తాళం అడుగుతుంది. ఒక్కోసారి పసుపురంగు ప్రశ్నార్థకం పెట్టి భయపెడుతుంది. ఏది జరిగినా మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. లోపం కాగితంలో ఉందా, కళ్లద్దంలో ఉందా? ఈ ప్రశ్న ఇవాళ మళ్లీ మళ్లీ అంటాను, విసుక్కోకండి. రేడియోలో వెనక పేజీకి వెళ్లి చూసుకోవడానికి ఉండదు కదా.

అసలు ఈ పీడీఎఫ్ ఎందుకు పుట్టింది? చేత్తో రాసిన ఉత్తరంలో కాగితం, సిరా, అక్షరం విడిపోవు. ఎవరు ఎక్కడ విప్పినా అదే ఉత్తరం. కంప్యూటర్లో రాసిన ఉత్తరం అలా కాదు. నా కంప్యూటర్లో ఒక పేజీగా ఉన్నది మీ దగ్గర పేజీన్నర అవుతుంది. గీతలు జరుగుతాయి, అక్షరాలు మారతాయి. అమెరికాలో అడోబి కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన జాన్ వార్నాక్‌కు ఇదే చిరాకు. ఏ యంత్రంలో విప్పినా, ఏ ప్రింటరు మీద తీసినా ఒకేలా ఉండే కాగితం కావాలని 1991లో ఆయన ఒక చిన్న పత్రం రాశాడు. రెండేళ్లకు, 1993లో, పీడీఎఫ్ బయటికి వచ్చింది. మొదట్లో దాన్ని చూసే సాఫ్ట్‌వేరును డబ్బు పెట్టి కొనాలి. తర్వాత ఉచితం చేశారు. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అంటే ఆ కాగితాన్ని చూసే అద్దాలు ఎవరైనా తయారు చేసుకోవచ్చు.

1991 అంటే కువైట్‌కు మరిచిపోలేని ఏడు. కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైన్యం వెళ్లిపోయింది ఆ ఏడు ఫిబ్రవరిలో. అంతకుముందు 1990 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు మనవాళ్లు ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అక్కడి అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు లక్షమందికి పైగా భారతీయులను ఇంటికి చేర్చాయి. కడప జిల్లాలోనూ గోదావరి జిల్లాల్లోనూ ఆ విమానమెక్కి వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. చాలామందికి ఒంటిమీది బట్టలే మిగిలాయి. జీతం రసీదు గదిలో ఉండిపోయింది. పాస్‌పోర్టు కఫీలు దగ్గర, అంటే యజమాని దగ్గర, ఉండిపోయింది. చేతిలో ఏ కాగితం మిగిలిందన్నది ఆనాడు ఎంత పెద్ద మాటో వాళ్లను అడగండి. కాగితం పోగొట్టుకుని జనం నిలబడ్డ మరుసటి ఏడాదే, పోకుండా మారకుండా ఉండే కాగితం గురించి ఎక్కడో ఒకాయన రాసుకున్నాడు. రెండింటికీ సంబంధం లేదనుకోండి. నాకు మాత్రం రెండూ కలిసే గుర్తొస్తాయి.

సరే, అద్దాల సంగతికి వద్దాం.

పీడీఎఫ్ కాగితమైతే, దాన్ని చూపించే సాఫ్ట్‌వేరు కళ్లద్దం. ఒకప్పుడు అందరూ ఒకే అంగడి అద్దాలు పెట్టుకునేవారు. ఇప్పుడు అలా లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2013 నుంచి సొంత అద్దాలు తెచ్చుకుంది. క్రోమ్ అద్దాలు వేరు. ఐఫోను అద్దాలు వేరు. కాగితం ఒకటే, చూసే అద్దాలు పది. ఒక అద్దంలో చక్కగా కనిపించింది ఇంకో అద్దంలో మసకగా ఉండొచ్చు, అసలు కనిపించకపోవచ్చు.

మన తమ్ముడి తెల్ల పలక రహస్యం ఇక్కడే ఉంది. వెబ్‌సైటు తయారుచేసినవాళ్లు ఫారాన్ని పేజీలో ఒక చట్రం కట్టి బిగిస్తారు, గోడకు పటం తగిలించినట్టు. వాళ్లు ఆఫీసులో పెద్ద కంప్యూటరు మీద చూసుకుంటారు. పటం భేషుగ్గా కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోని బ్రౌజర్లకు మాత్రం చాలా ఏళ్లపాటు పీడీఎఫ్ చూపించే సొంత అద్దం లేదు. కాగితాన్ని కిందికి దించి, చదివే పని ఇంకో యాప్‌కు అప్పజెప్పడమే వాటికి తెలిసేది. అలాంటి బ్రౌజరులో చట్రం ఖాళీగా ఉంటుంది, కాగితం డౌన్‌లోడ్స్‌లో ఉంటుంది. ఐఫోనుది ఇంకో తంతు. చట్రంలో మొదటి పేజీ ఒక్కటే చూపించి ఊరుకోవడం దానికి అలవాటు. ఫారం ఒక పేజీయేననుకుని, వెనక సంతకం పెట్టాల్సిన పేజీ వదిలేసి ఇచ్చినవాళ్లను నేను చూశాను.

కాబట్టి తెల్లగా వస్తే మళ్లీ మళ్లీ నొక్కకండి. ముందు డౌన్‌లోడ్స్ తెరిచి చూడండి. అక్కడ ఉంటే, పీడీఎఫ్ చదివే యాప్‌తో దాన్ని విడిగా తెరవండి. అప్పుడు కనిపించిందా, కాగితం మంచిదే. కళ్లద్దమే తేడా. ఇంకో ఫోన్లో, ఇంకో కంప్యూటర్లో కూడా తెరుచుకోలేదా, అప్పుడు కాగితాన్ని అనుమానించండి. మరోసారి చెబుతున్నాను. నొక్కడం ఆపి, డౌన్‌లోడ్స్ చూడండి.

కాగితం, అద్దం, రెండూ బాగుండి కూడా ఒక్కోసారి తేడా వస్తుంది. అది దారిలో వచ్చే తేడా. కువైట్ నుంచి ఇంటికి కార్గో పెట్టె పంపే ఇళ్లవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పెట్టె మీద చీటీ ఉంటుంది. లోపల ఏముందో ఆ చీటీ చెబుతుంది. వెబ్‌సైటు కూడా కాగితం పంపేటప్పుడు ముందొక చీటీ అంటిస్తుంది, మన కంటికి కనిపించదు. "ఇది పీడీఎఫ్, ఇక్కడే విప్పి చూపించు" అని చీటీ ఉంటే బ్రౌజరు చూపిస్తుంది. "ఇదేదో సరుకు, దించి పక్కన పెట్టు" అని ఉంటే చూపించదు, దించుతుంది. చీటీ రాయడం వెబ్‌సైటువాళ్ల పని. మన ఫోను తిట్టుకుని లాభం లేదు.

ఇంకో మోసం ఉంది. ఫైలు వచ్చింది, పేరు చివర పీడీఎఫ్ అని ఉంది, తెరిస్తే ఫైలు పాడైందంటుంది. అప్పుడు దాని బరువు చూడండి. నాలుగు పేజీల స్కాన్ కాగితం రెండు మూడు కిలోబైట్లే ఉండదు. అంత తేలిగ్గా ఉందంటే, అది కాగితమే కాదు. మీరు లాగిన్ అయి చాలాసేపు కూర్చున్నారు. అటువైపు తలుపు వేసేశారు. మళ్లీ లాగిన్ అవ్వమని చెప్పే పేజీకే పీడీఎఫ్ అని పేరు పెట్టి మీ చేతికిచ్చారు. నిజమైన పీడీఎఫ్‌కు పుట్టుమచ్చ ఉంటుంది. లోపల మొట్టమొదట ఒక శాతం గుర్తు, ఆ వెంటనే పి, డి, ఎఫ్ అనే మూడక్షరాలు. అది లేకపోతే పీడీఎఫ్ కాదు. మళ్లీ లాగిన్ అయి, కొత్తగా దించుకోండి.

కొన్ని పాత ఫారాలు తెరిస్తే దయచేసి ఆగండి అని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం వస్తుంది. మనం మర్యాదస్తులం కదా, ఆగుతాం. టీ చల్లారిపోతుంది, ఫారం రాదు. ఎంతసేపు ఆగినా రాదు. అది పాతకాలపు తరహా ఫారం. 2017లో వచ్చిన పీడీఎఫ్ కొత్త ప్రమాణం దాన్ని పక్కన పెట్టింది. కంప్యూటరు మీద అడోబి రీడరులో తెరిస్తే చాలావరకు వస్తుంది. ఆగమన్నది కదా అని ఆగకండి.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. లేకపోతే ఇతనేదో అన్నీ తెలిసినవాడనుకుంటారు.

కువైట్‌లో మేము కొందరు మిత్రులం కలిసి ఒక ఏడాది ఉగాది సంచిక వేశాం. కవితలు, కథలు, పిల్లల బొమ్మలు, పండుగ నాటి ఫొటోలు. ఊళ్లో డీటీపీ చేయించి తెప్పించాం. దాన్ని వెబ్‌సైటులో పెట్టే పని నాది. రాత్రి పన్నెండింటికి పీడీఎఫ్ చేసి ఎక్కించాను. నా ల్యాప్‌టాప్‌లో చూసుకుంటే ముచ్చటేసింది. పడుకున్నాను. పొద్దున్నే కువైట్‌లోనే ఉన్న మహబూలా నుంచి ఒక పెద్దాయన ఫోను. సంచికలో మొదటి పద్యం ఆయనది.

"ఏం అబ్బీ, నా పద్యానికి రేటు కట్టినారా?" అన్నారు.

"అదేంటి సార్?"

"అన్నీ డాలరు గుర్తులే కనపడతా ఉండాయి. మధ్యలో శాతాలు కూడా ఏసినారు."

నా కడుపులో చెయ్యిపెట్టి తిప్పినట్టయింది. తెరిచి చూస్తే నా దగ్గర బాగానే ఉంది. ఆయన ఫోన్లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, డాలరు గుర్తులు, తోకలు, కొమ్ములు. కంప్యూటరు పనిచేసేవాళ్ల నోట అందరికంటే ఎక్కువగా వచ్చే మాట ఒకటుంది. "నా దగ్గర బాగానే ఉందే!" ఆ రోజు అది నేనూ అన్నాను. సిగ్గుపడి ఊరుకున్నాను.

జరిగిందేమిటంటే, పాత డీటీపీ ఫాంట్లు తెలుగు బొమ్మల్ని ఇంగ్లిష్ అక్షరాల గూళ్లలో పెట్టేవి. పైకి "అ" కనిపిస్తుంది. లోపల అది ఏ ఇంగ్లిష్ అక్షరమో, ఏ డాలరు గుర్తో. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో తెలుగు కనిపిస్తుంది. లేని యంత్రంలో లోపలిది బయటపడుతుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటును కూడా దాని కడుపులో పెట్టి పంపాలి. నేను పెట్టలేదు. పెళ్లికూతుర్ని బండెక్కించి చీరల పెట్టె ఇంట్లోనే మరిచాను. ఇది అచ్చంగా కాగితంలో లోపమే. పెద్దాయన ఫోను తప్పు రవ్వంత కూడా లేదు.

దీన్ని కనిపెట్టడం కష్టమేం కాదు. కంప్యూటరు మీద అడోబి రీడరులో ఆ ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే ఫాంట్లు అనే చోట పేర్లు వరసగా ఉంటాయి. ప్రతి పేరు పక్కనా ఎంబెడెడ్ అన్న మాట ఉండాలి. ఉంటే చీరల పెట్టె బండిలో ఉన్నట్టు. లేకపోతే ఇంట్లో మిగిలినట్టు.

ఫాంటు పెట్టి మళ్లీ చేశాను. పద్యం పద్యంలా వచ్చింది. అంతటితో అయిపోయిందా? అవలేదు. సంచికలో తన పేరు ఎక్కడుందో వెతుక్కోబోయింది ఒకమ్మాయి. తెలుగులో పేరు కొడితే ఒక్కచోటా దొరకలేదు. దొరకదు. పైన తెలుగు బొమ్మ, కింద ఇంకా ఆ ఇంగ్లిష్ గుర్తులే కదా. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేరు కూడా ఆ గుర్తులనే చదువుతుంది. తెలుగు అక్షరాలకు ప్రపంచమంతటా చెల్లే సొంత నంబర్లు యూనికోడ్‌లో 1991లోనే వచ్చాయి. చూశారా, మళ్లీ అదే ఏడు. ముప్పై ఏళ్లు దాటినా మనం అద్దె గూళ్లలో అక్షరాలు దాచుకోవడం మానలేదు. ఇది నాకు ఒళ్లు మండే విషయం. యూనికోడ్ వాడినా పీడీఎఫ్‌లో ఒత్తులతో కాస్త తంటా ఉంది. పీడీఎఫ్ గుర్తుపెట్టుకునేది అక్షరం ఎక్కడ ఏ రూపంలో ఉందనే. దాని వర్ణక్రమం కాదు. లక్ష్మి అన్న పేరు కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే లకారం, కకారం, షకారం ఒక్కోసారి విడివిడిగా ఊడిపడతాయి. అయినా సరే, యూనికోడే వాడండి. ఎప్పటికైనా వెతికితే దొరికేది అదే.

ఉగాది సంచిక కథ ఇంకొంచెం మిగిలింది. ఫొటోలు తగ్గించకుండా పెట్టాను. ఫైలు ఏనుగంత అయింది. తెరిస్తే ఎంతకీ రాదు. దీనికొక తమాషా కారణం ఉంది. పీడీఎఫ్‌లో ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టిక ఫైలు చివర ఉంటుంది. యంత్రం ముందు ఆఖరు చూసి, అక్కడ పట్టిక చదివి, అప్పుడు మొదటి పేజీకి వస్తుంది. అరబ్బీ పుస్తకం మనకు చివర అనిపించే వైపు నుంచి మొదలవుతుంది కదా, ఇదీ అలాంటిదే. వెబ్‌సైటుల కోసం మొదటి పేజీ సంగతులు ముందుకు తెచ్చి సర్దే పద్ధతి ఉంది. ఫాస్ట్ వెబ్ వ్యూ అంటారు. అది పెట్టి, ఫొటోలు తగ్గించి మళ్లీ ఎక్కించాను. పాత పేరుతోనే ఎక్కించాను. అదీ తప్పే. చాలామంది ఫోన్లు పాత కాపీని దాచుకుని, కొత్తది అడిగినా పాతదే చూపించాయి. రెండు రోజులపాటు మా పెద్దాయనకు డాలర్లే. మన డ్రైవరు తమ్ముడికి అంగట్లో పాత ఫారం ఎందుకు వచ్చిందో నేను చూడలేదు గానీ, ఇలాగే వచ్చి ఉంటుందని నా అనుమానం. ఫైలు మారిస్తే పేరు కూడా మార్చాలి. పేరులో తేదీ ఉంటే ఇంకా మంచిది.

తెలుగుకు వచ్చిన కష్టమే అరబ్బీకీ వస్తుంది. అరబ్బీ అక్షరం మాట మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా ఉంటుంది. చేతులు పట్టుకుని నడుస్తాయి. కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఫాంటు సరిగా లేని కాగితంలో ఆ చేతులు విడిపోతాయి, వరస తారుమారవుతుంది. మనకు చదవడం రాదు కాబట్టి తేడా తెలియదు. కువైట్ వీసా కాగితమో పని ఒప్పందమో ఫోన్లో చూసి, ఆ అక్షరాలను అనువాదం యాప్‌లో పెట్టి, వచ్చిన అర్థం చూసి కంగారు పడకండి. ముందు వేరే అద్దంలో చూడండి. అరబ్బీ చదివే మనిషికి చూపించండి.

అంకెల సంగతి కూడా చెప్పుకోవాలి, జీతం వాటిలోనే ఉంటుంది కాబట్టి. అరబ్బీలో సున్నా ఒక చుక్క. ఐదు మన సున్నాలాగా గుండ్రంగా ఉంటుంది. ఆరు చూడ్డానికి ఇంగ్లిష్ ఏడులా ఉంటుంది. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. మరుసటి ఏడు వాళ్లకు నెలకు కనీసం 60 దీనార్లు ఇవ్వాలని నిర్ణయించింది. ఆ అరవై అరబ్బీ అంకెల్లో ఉంటే మన కంటికి ఏడు, పక్కన చుక్కలా కనిపిస్తుంది. అద్దం మసకగా ఉంటే ఆ చుక్క కూడా కనిపించదు. కాబట్టి పెద్దది చేసి చూడండి.

ఇప్పుడు ఆధార్. దీని గురించి నన్ను అడగని వారం లేదు. దించుకున్న ఆధార్ పీడీఎఫ్ తాళం అడుగుతుంది. ఫైలు పాడైందనుకుంటారు. పాడవలేదు. ఆ తాళం ఎనిమిది గుర్తులది. ఆధార్‌లో ఉన్న మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పెద్ద అక్షరాల్లో. వాటి పక్కనే పుట్టిన సంవత్సరం. రమణ అనే ఆయన 1985లో పుడితే, ఆర్, ఏ, ఎం, ఏ, ఆ తర్వాత 1985. మనవాళ్లకు చిక్కు ఇంటిపేరు పొడి అక్షరం దగ్గర వస్తుంది. ఆధార్‌లో ముందు ఇంటిపేరు అక్షరం, దాని పక్కన చుక్క ఉంటే, ఆ చుక్క కూడా లెక్కే. ఖాళీ జాగా లెక్కలోకి రాదు. పేరు మూడక్షరాలే ఉంటే ఆ మూడే వేసి సంవత్సరం వేయండి. మళ్లీ చెబుతున్నాను. మొదటి నాలుగు అక్షరాలు పెద్దవి, పక్కన పుట్టిన సంవత్సరం, చుక్క ఉంటే చుక్కతో సహా.

తాళం తెరిచాక సంతకం దగ్గర పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తుంది. "నా ఆధార్ చెల్లదా అన్నా" అని ఒక అక్క ఏడ్చినంత పని చేసింది. చెల్లదని కాదు దానర్థం. ఆ సంతకం ఎవరిదో నేను ఇంకా సరిచూడలేదు అని కళ్లద్దం చెబుతోంది. అంతే. కంప్యూటరు మీద అడోబి రీడరులో ఆ సంతకం మీద నొక్కి, సంతకం చేసినవారి సర్టిఫికెట్‌ను నమ్మదగ్గవాటిలో చేర్చి, సరిచూడమని చెబితే, ప్రశ్నార్థకం పోయి పచ్చ టిక్కు వస్తుంది. బ్రౌజరులో చూస్తే ఎన్నాళ్లయినా ప్రశ్నార్థకమే. కాగితం మంచిదే. అద్దం చాలదు.

తాళం తీసి పెడతాం, పీడీఎఫ్ సరిచేస్తాం అని ఊరూపేరూ లేని వెబ్‌సైటులు కనిపిస్తాయి. పని జరుగుతుంది, నిజమే. కానీ మీ ఆధార్, పాస్‌పోర్టు, కువైట్ గుర్తింపు కార్డు బతాకా ఎవరింటికి వెళ్లాయో మీకు తెలియదు. టీ కొట్టు దగ్గర ఎవరో అడిగితే పాస్‌పోర్టు చేతిలో పెట్టేసి వస్తారా? ఇదీ అంతే.

వాట్సాప్‌లో కాగితం పంపేటప్పుడు ఫొటో తీసి పంపకండి. ఫొటోను వాట్సాప్ నలిపి చిన్నది చేస్తుంది. అక్షరాలు అలుక్కుపోతాయి. మూలనున్న క్యూఆర్ గళ్లు కూడా అలుక్కుపోతే యంత్రం చదవలేదు. పిన్ను గుర్తు నొక్కితే డాక్యుమెంట్ అని ఉంటుంది. ఆ దారిన పంపితే కాగితం కాగితంలాగే వస్తుంది. ఊళ్లో ఇంట్లోవాళ్లకు ముఖ్యంగా చెబుతున్నాను. కువైట్ నుంచి వీసా ఫొటో వస్తే, "డాక్యుమెంట్ పెట్టు నాయనా" అని అడగండి.

చివరిగా, వెబ్‌సైటులు నడిపేవాళ్లు ఎవరైనా వింటుంటే వాళ్లకొక విన్నపం. మీరు సంఘం వాళ్లు కావచ్చు, బడి వాళ్లు కావచ్చు, ఏదైనా ఆఫీసు వాళ్లు కావచ్చు. మీ కాగితం చదివే మనిషి పెద్ద కంప్యూటరు ముందు కూర్చోలేదు. పగిలిన గాజున్న పాత ఫోనుతో, బండి ఆపిన పది నిమిషాల్లో చూస్తున్నాడు. ముఖ్యమైన నాలుగు మాటలు పేజీలోనే మామూలు తెలుగులో రాయండి. పీడీఎఫ్‌ను చట్రంలో బిగించకుండా, దించుకోవడానికి ఒక లంకె ఇవ్వండి. దాని బరువెంతో పక్కన రాయండి. పెట్టాక మీ ఫోన్లో కాదు, ఇంకొకరి ఫోన్లో చూడండి. "నా దగ్గర బాగానే ఉందే" అన్న మాట నోటిదాకా వస్తే మహబూలా పెద్దాయనను తలుచుకోండి.

కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. రాత్రి తొమ్మిదికి మీరు ఫోను చేస్తే అక్కడ సాయంత్రం ఆరున్నర. మీవాడు దొరుకుతాడు. క్షేమ సమాచారాలు అయ్యాక, ఏదైనా ఫారం తెరుచుకోలేదని దిగులు పడుతున్నాడేమో అడగండి. డౌన్‌లోడ్స్ ఒకసారి చూసుకోమనండి. ఆరు కాపీలు ఉంటే ఐదు తీసెయ్యమనండి.